కొట్టేసిన పాయింట్ మూడు

ఫిబ్రవరి 22, ఆదివారం

పిన్నీ,

నిన్న ఉదయం పదకొండుంపావుకి డాక్టరమ్మ నాకు అండం విడుదల కావడం లేదని చెప్పింది. ఏదో ఒక నెల తప్పిన సంగతి కాదు. చూసిన మూడు నెలల్లోనూ కాలేదట.

ఇది నీకు ఫోన్లో చెప్పలేను. నీ చెవి మిషన్ ఎలా పనిచేస్తుందో ఇద్దరికీ తెలుసు. పోయిన నెల ఆఫీసు నుంచి నీతో "నెలసరి" అన్న మాట మూడుసార్లు అరిచి చెబితే, పక్క బల్ల దగ్గర తూకం రాళ్లు సరిచూసే ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. అందుకే ఈ ఉత్తరం.

వరసగా చెబుతాను. పెళ్లయి ఆరేళ్లు. నాకు ముప్పై ఐదు నిండాయి. పిల్లల కోసం రెండేళ్లుగా చూస్తున్నాం. అక్టోబరులో ఈ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నాకు నెలసరి ముప్పై ఏడు, ముప్పై తొమ్మిది రోజులకోసారి వస్తుందని చెబితే ఆవిడ రెండు పనులు పెట్టింది. ఒకటి, ఇరవై ఒకటో రోజున రక్తపరీక్ష. రెండోది, మూడు నెలలపాటు పొద్దున్నే ఒంటి వేడి కొలిచి రాయడం. నర్సు ఖాళీ చార్టు నా చేతిలో పెట్టి, "రోజూ ఒకే టైముకమ్మా. మంచం దిగకముందే, ఎవరితోనూ మాట్లాడకముందే" అంది. ఇందులో ఏం చూస్తారని అడిగాను. "మీరు రాయండి, మేడమ్ చూస్తారు" అంది.

ఆసుపత్రుల నుంచి, శీతల గిడ్డంగుల నుంచి థర్మామీటర్లు మా ప్రయోగశాలకు వస్తే, అవి సరిగ్గా చూపిస్తున్నాయో లేదో తేల్చి ముద్ర వేసేది నేనే. ఈ పని నాకెవరూ నేర్పక్కర్లేదనుకున్నాను. ఐదున్నరకు అలారం. నాలుక కింద నాలుగు నిమిషాలు. మూడు నెలల్లో ఒక్క రోజు తప్పలేదు. సతాయించినవి థర్మామీటర్లే. ఒకే పెట్టెలోవి మూడు కొన్నాం. నెలకొకటి చొప్పున మూడూ దారి తప్పాయి. ఆఫీసు పద్ధతిలో సరిచేసి అంకెలు ఇస్తే, మీ అల్లుడు సాపు చార్టు గీశారు. బళ్లో డ్రాయింగ్ మాస్టారు కదా, స్కేలు పెట్టి, నీలం పెన్సిల్ చెక్కుకుని మరీ గీశారు. ఇంత అందమైన చార్టు తమ క్లినిక్‌కి ఇంతవరకూ రాలేదంది నర్సు.

డాక్టరమ్మ ఆ చార్టునీ రక్తపరీక్ష కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుంది. "రక్తపరీక్ష ఒక్క రోజు మాట. మీకు నెలసరి ఆలస్యం కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మను. కానీ చార్టు మూడు నెలల మాట. రెండూ ఒకటే చెబుతున్నాయమ్మా" అంది.

తర్వాత కాగితం మీద బొమ్మ వేసింది. తలలో, ముక్కు మొదటికి వెనకగా, బఠాణీ గింజంత గ్రంథి ఉంటుందట. నెల మొదట్లో అది రక్తంలోకి ఒక హార్మోను వదులుతుంది. అండాన్ని పెంచమని అండాశయానికి కబురన్నమాట. అండాశయం చిన్న నీటి బుడగలో అండాన్ని పెంచుతూ, పెరుగుతోంది పెరుగుతోంది అని ఈస్ట్రోజన్‌తో జవాబు పంపుతుంది. ఆ జవాబు రెండు రోజులు గట్టిగా అందితే పైనుంచి ఇంకో హార్మోను ఒక్కసారిగా పొంగుతుంది. పొంగు మొదలైన ఒకటిన్నర రోజుకి బుడగ చిట్లి అండం బయటపడుతుంది. "మీ ఒంట్లో ఆ పొంగు రావడం లేదనిపిస్తోంది" అంది.

ఆ తర్వాత ఆవిడ చెప్పింది నేను వినలేదు. మీ అల్లుడు విన్నారు, తల ఊపారు, మాత్రల చీటీ తీసుకున్నారు. చీటీ ఇంకా టేబుల్ మీదే ఉంది. ఆరు నెలలు మాత్రలు, పని చేయకపోతే ఇంజెక్షన్లు. నాకు ఓపిక అయిపోయింది పిన్నీ. వేరే నగరంలో మావాళ్లు కొత్త ప్రయోగశాల తెరుస్తున్నారు. రెండేళ్లు నన్ను అక్కడ ఇన్‌చార్జిగా ఉండమంటున్నారు. చార్టు తేలాక చెబుతానన్నాను. తేలింది. ఫారం మార్చి పదికల్లా ఇవ్వాలి.

అమ్మకి మాత్రం చెప్పకు.

నువ్వు పేరు పెట్టిన
కొలబద్ద

*

ఫిబ్రవరి 26, గురువారం

కొలబద్దా,

నీ ఉత్తరం భోజనాల వేళకి అందింది. క్యారేజీ మూత తీసి, చదివి, మళ్లీ మూత పెట్టేశాను. పక్కనున్న పిల్ల "ఏంటక్కా, వంట కుదర్లేదా?" అంది. కుదిరింది కానీ నేనే కుదురుగా లేను అన్నాను.

నీ ఆరో ఏట మా హేచరీకి వచ్చి, కోడిపిల్లల కాళ్లు స్కేలుతో కొలిచి, ఒకదాని కాలు పొట్టిగా ఉందని ఏడ్చావు, గుర్తుందా? రెండు కాళ్లూ పొట్టివేనని చూపిస్తే గానీ ఊరుకోలేదు. ఆ రోజు పెట్టిన పేరే కొలబద్ద.

నువ్వు రాసిన గ్రంథి సంగతి నాకు కొత్త కాదు. కోడికీ ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా నా పని దానితోనే. కోడికి వెలుగు కంట్లోంచే కాదు, పుర్రెలోంచి కూడా మెదడుకి దిగుతుంది. వెలుగు ఎక్కువసేపుంటే గ్రంథి కబురు పంపుతుంది, గుడ్డు తయారవుతుంది. రోజు కురచైతే కబురు ఆగుతుంది, గుడ్డూ ఆగుతుంది. పెట్టడం మానేసిన వాటిని మేం వేరే షెడ్డులో ఉంచి పదహారు గంటలు లైట్లు వేస్తాం. మూడు వారాలు తిరిగేసరికి నూటికి ఎనభై మళ్లీ మొదలుపెడతాయి. మిగిలిన ఇరవై సంగతి రాయను.

నువ్వు పనిచేసే గదికి కిటికీ లేదని చెప్పావు ఒకసారి. పొద్దున అరగంట ఎండలో నడువు. మాత్రలూ వేసుకో. రెండూ చెయ్యి. ఆగిపోయింది అంటే అయిపోయిందని కాదు, ఇది మాత్రం నాకు బాగా తెలుసు.

అక్కకి చెప్పను. ఆవిడకి చెబితే మర్నాటికి వీధి వీధంతా నీ నెలసరి తేదీలు అప్పజెబుతుంది.

చెవి మిషన్ బాగుకి ఇచ్చాను. వారం పడుతుందట. వారం రోజులు లోకం ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

నీ గుడ్ల పిన్ని

*

మార్చి 2, సోమవారం

పిన్నికి,

ఉత్తరం అందింది. నేను కోడిని కాను. నన్నెవరూ వేరే షెడ్డులో పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం కూడా లేదు, నేనే వెళ్తున్నాను. ఫారం నింపాను. ఏప్రిల్ పదిహేను నుంచి రెండేళ్లు నేను అక్కడ ఉంటాను. ఆయన ఇక్కడ ఉంటారు. ఇద్దరం మాట్లాడుకున్నాం.

మిగిలిన ఇరవైని ఏం చేస్తారో రాయకపోయినా నాకు తెలుసు. చిన్నప్పుడు అడిగితే మీరే చెప్పారు.

మీ చెవి మిషన్ త్వరగా బాగుపడాలని కోరుకుంటూ,
మీ అక్కగారి అమ్మాయి

*

మార్చి 5, గురువారం

కొలబద్దా,

"మీ అక్కగారి అమ్మాయి" అంట. ముందు తిట్టించుకుంటాను, తర్వాత తిడతాను.

తప్పు నాదే. నీకు బాధ కలిగితే నాకు తెలిసిన భాషలో ఓదార్చబోయాను. నాకు తెలిసింది కోళ్ల భాష. దాంట్లో అవమానం ఉంటుందని తోచలేదు. ఆ ఇరవై మాట రాసిన చెయ్యిని నేనే నాలుగు దెబ్బలు వేశాను. క్షమించు తల్లీ.

ఇప్పుడు తిట్లు. అల్లుణ్ణి వదిలేసి పోతావా? "ఆయన ఇక్కడ ఉంటారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటావా? పిల్లలు లేరని మొగుణ్ణి వదిలేసే ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు. వదిలేసే మగాళ్లని చూశాను. నీ చార్టుకి పెన్సిల్ చెక్కుకుని కూచున్న మనిషిని వదలడానికి నీకు మనసెలా వచ్చింది?

అసలు ఎక్కడ చెడిందా అని నీ మొదటి ఉత్తరం తీసి మళ్లీ చదివాను. నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి ఒకచోట ఆగిపోయాను. మూడు థర్మామీటర్లు దారి తప్పాయన్నావు. నెలకొకటి చొప్పున.

నీకో సంగతి చెప్పాలి. హేచరీలో చేరిన మొదటి ఏడాది నాకు ఒక పొదిగే మిషన్ అప్పజెప్పారు. గుడ్లు ఇరవై ఒక్క రోజులు ఉండాలి, వేడి ముప్పై ఏడున్నర దాటకూడదు. పదమూడు రోజులు గీత గీసినట్టుంది. పద్నాలుగో రోజున అర డిగ్రీ పెరిగింది. మీటలు ఎక్కడివక్కడే ఉన్నాయి, నేను ముట్టుకోలేదు. థర్మామీటరే పాడైందని కొత్తది పెట్టాను. అదీ అంతే. ఇంకోటి పెట్టాను. అదీ అంతే. పెట్టెలో సరుకే నాసిరకమని పుస్తకంలో అర డిగ్రీ తగ్గించి రాసుకున్నాను. మూడు రోజులు అలాగే రాశాను. గాలి తలుపులు తియ్యాలని తోచలేదు.

పదిహేడో రోజున మా పెద్దాయన వచ్చి మిషన్ తలుపు తీసి, గుడ్ల మీద అరచెయ్యి పెట్టి, పుస్తకం చూసి, నా మొహం చూశాడు. "థర్మామీటరులో ఏం లేదమ్మా. లోపల ప్రాణం పడింది. ఆ వేడి గుడ్లది" అన్నాడు. నాలుగు వందల గుడ్లు పోయాయి. నన్ను పనిలోంచి తీసేయలేదు కానీ, ఆ మాట ముప్పై ఏళ్లయినా చెవిలో ఉంది. ఆ చెవి అప్పుడు బాగానే వినేది.

నాకు మీ వైద్యం తెలియదు. ఆడవాళ్ల ఒంట్లో వేడి ఎందుకు పెరుగుతుందో, అసలు పెరుగుతుందో లేదో కూడా తెలియదు. కానీ మూడు థర్మామీటర్లు మూడు నెలల్లో ఒకేలా తప్పు చూపిస్తే, నేను థర్మామీటర్లని అనుమానించను. ఒకసారి అనుమానించాను, చాలు.

నువ్వు అంకెలు కొట్టేస్తావే గానీ చించెయ్యవు. నీ రఫ్ పుస్తకం ఉండే ఉంటుంది. తియ్యి. సరిచేయకముందు ఏముందో చూడు. ఫారం ఒక్క రోజు ఆపు.

పిన్ని

*

మార్చి 10, మంగళవారం

పిన్నీ,

ముందుగా, నేను ఎవర్నీ వదిలేయడం లేదు. ఉద్యోగానికి వెళ్తానన్నానంతే. నీ ఉత్తరం మీ అల్లుడి చేతికే ముందు అందింది. చదివి, "నన్ను వదిలేస్తున్నావా? కాస్త ముందు చెబితే నా సామాను సర్దుకునేవాణ్ణి కదా" అన్నారు. ఇల్లు ఆయన బడివాళ్లు ఇచ్చిందేనని గుర్తు చేశాను.

ఇక అసలు సంగతి. శనివారం సాయంత్రం నీ ఉత్తరం రెండోసారి చదివి రఫ్ పుస్తకం తీశాను. అట్ట మీద నా దస్తూరీలోనే మా ఆఫీసు నియమం రాసుంది: సొంత సగటు మీద వరుసగా మూడు రోజులు 0.2 డిగ్రీలు పైకి పోతే ఆ పరికరాన్ని పక్కన పెట్టాలి, పెరిగిన మొదటి రోజు నుంచీ తేడా కొట్టేసి రాయాలి. పదకొండేళ్లుగా నేను రోజూ చేసే పని అదే. ఇంట్లోనూ అదే చేశాను.

మొదటి నెల ఇరవై ఐదు రోజులు 36.4 అటూ ఇటూగా ఉంది. ఇరవై ఆరో రోజు నుంచి 36.7. మూడు రోజులు చూసి థర్మామీటర్ మార్చాను. కొత్తదీ 36.7 చూపించింది. ఒకే పెట్టె కాబట్టి రెండూ ఒకే తప్పు చేస్తున్నాయని పాయింట్ మూడు కొట్టేస్తూ పోయాను. పదమూడు రోజులకి నెలసరి వచ్చింది, వేడి దిగింది. "కుదురుకుంది" అని రాసుకున్నాను. రెండో నెల ఇరవై ఆరో రోజు నుంచి పన్నెండు రోజులు. మూడో నెల ఇరవై ఏడో రోజు నుంచి పదమూడు రోజులు. మూడుసార్లూ పాయింట్ మూడు. మూడుసార్లూ కొట్టేశాను.

కొట్టేసిన అంకెలు మీ అల్లుడికి చూపిస్తే ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివారు. తర్వాత మెల్లగా, "ఆవిడ రెండో మెట్టు, రెండో మెట్టు అంది కదా. మన చార్టులో రెండో మెట్టు లేదంది. నువ్వు వినలేదా?" అన్నారు. నేను వినలేదు. ఆయన విన్నారు గానీ రఫ్ పుస్తకం ఎప్పుడూ చూడలేదు. నేనిచ్చిన సాపు అంకెలే గీశారు. ఆవిడ వెతికిన మెట్టు నా దగ్గర, మెట్టు కావాలన్న మాట ఆయన దగ్గర. రెండూ ఒకే ఇంట్లో పదిహేను రోజులున్నాయి.

అయినా నీ మాట మీదో, నా ఆశ మీదో డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తదలుచుకోలేదు. నిన్న ఉదయం మూడు థర్మామీటర్లూ ఆఫీసుకి పట్టుకెళ్లాను. వేడి మారకుండా ఉండే నీళ్ల తొట్టి మాకొకటుంది. సొంత వస్తువులు అందులో పెట్టకూడదు. ఇన్‌చార్జి గారిని అడిగితే, "ఏమ్మా, ఇంట్లో ఎవరికైనా జ్వరమా?" అన్నారు. "కాదు సార్, అనుమానం" అన్నాను. పది నుంచి పదకొండు దాకా తొట్టిలో ఉంచాను. మూడూ నిజమే చూపిస్తున్నాయి. తేడా 0.02 దాటలేదు.

నాలుగింటికి రఫ్ పుస్తకంతో క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరమ్మ ఒక్కో పేజీ తిప్పింది. కొట్టేసిన అంకెలన్నీ కళ్లద్దాలు పైకెత్తి చదివింది.

"ఇవెందుకు కొట్టేశారు?"

"తప్పనుకున్నాను మేడమ్."

"ఎవరి తప్పు?"

"థర్మామీటర్ది."

ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. పుస్తకం మూసి చెప్పింది. అండం విడుదలైన తర్వాత, అది బయటపడ్డ బుడగ ఖాళీగా కూర్చోదట. పసుపు రంగు ముద్దలా మారి ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోను తయారు చేస్తుంది. ఒంటి వేడిని పాయింట్ రెండు, పాయింట్ మూడు పెంచేది అదే. గర్భం రాకపోతే రెండు వారాల్లోపే ఆ ముద్ద కరిగిపోతుంది, వేడి దిగుతుంది, నెలసరి వస్తుంది. "నేను చూడాలనుకున్న రుజువు ఇదే. మీరు నెలనెలా రాశారు, నెలనెలా కొట్టేశారు" అంది. ఇరవై ఒకటో రోజు రక్తపరీక్షలో ఏమీ కనిపించకపోవడానికి కారణం, అప్పటికి నాకు అండం విడుదల కాలేదు. ఇంకా నాలుగు రోజులుంది.

"ఏం వెతుకుతున్నామో ముందే చెబితే మనుషులకి అదే కనిపిస్తుంది, అందుకే నేను చెప్పను. మీకు మాత్రం చెప్పి ఉండాల్సింది" అంది. తలుపు దగ్గరికి వచ్చాక నర్సుని పిలిచి, వేడి పెరిగినా దిగినా ఉన్నదున్నట్టే రాయమని చార్టు వెనక రెండు వాక్యాలు అచ్చు వేయించమంది.

మాత్రలు అప్పుడే వద్దంది. రుజువు మాత్రం కొత్తగా కావాలంది. నిన్నటికి నాకు పంతొమ్మిదో రోజు. మూత్రంలో ముంచి చూసే పట్టీలు ఇచ్చింది. ఆ పొంగు వస్తే రెండో గీత ముదురుతుంది.

ఫారం ఈ రోజు ఇవ్వాలి కదా. ఇన్‌చార్జి గారు ఏప్రిల్ రెండు సాయంత్రం ఐదింటి దాకా ఆపగలనన్నారు. పెద్దాఫీసుకి పేరు పంపడానికి అదే ఆఖరి గడువు. మీ అల్లుణ్ణి ఏం చేయమంటారని అడిగాను. "వెళ్లాలని ఉంటే వెళ్లు. పారిపోవాలని ఉంటే మాత్రం రెండు రోజులు ఆలోచించు" అన్నారు.

పోయిన ఉత్తరంలో నిన్ను మీరు, మీ అన్నందుకు సిగ్గుగా ఉంది.

నీ కొలబద్ద

*

మార్చి 13, శుక్రవారం

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి పొదిగే మిషన్‌కి ఆనుకుని నిలబడిపోయాను. లోపల పద్దెనిమిది వేల గుడ్లు, బయట నేను.

గొప్పలు చెప్పుకోను. నాకు వైద్యం రాదు, తప్పు చేయడం ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. నా నాలుగు వందల గుడ్లు ఇన్నాళ్లకి ఎవరికో పనికొచ్చాయి.

నీకెప్పుడూ చెప్పని మాటొకటి చెబుతాను. నాకు చార్టు ఎవరూ ఇవ్వలేదు. పెళ్లయిన ఐదో ఏట మీ బాబాయి నన్ను ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన నాడి చూసి, నాలుక చూసి, "నీకు రాసిపెట్టి లేదమ్మా" అన్నాడు. రక్తం తీయలేదు, వేడి చూడలేదు, నెలసరి ఎన్ని రోజులకని కూడా అడగలేదు. నేను నమ్మి ఇంటికొచ్చాను. మర్నాడే హేచరీలో చేరాను. ఆయన అన్నది నిజమే కావచ్చు. కాకపోయినా కావచ్చు. పిల్లలు లేనందుకు కాదు నా కోపం, నువ్వున్నావు కదా. కొలవకుండా చెప్పినందుకు. నీకు మాత్రం కొలిచి చెప్పేవాళ్లు దొరికారు. ఏం తేలినా సరే, తేలడం అనేది చిన్న విషయం కాదు.

కొత్త థర్మామీటర్ కొనకు.

అల్లుణ్ణి అనవసరంగా అనుమానించలేదు, నిన్నే అనుమానించాను. అయినా ఆయన్ని క్షమించమని అడిగానని చెప్పు. సామాను సర్దుకోనక్కర్లేదని కూడా చెప్పు.

పిన్ని

*

మార్చి 24, మంగళవారం

పిన్నీ,

నిన్న ఉదయం తీసిన రక్తపరీక్ష ఫలితం సాయంత్రం ఆరింటికి వచ్చింది. ప్రొజెస్టిరాన్ 11.4. మూడు దాటితే చాలట. పోయినసారి 0.6.

పద్నాలుగో తేదీ శనివారం పట్టీ మీద రెండో గీత మొదటి గీత కన్నా ముదిరింది. ఏది ముదురో తేల్చడానికి ఆఫీసులో రంగులు పోల్చే అట్ట వాడదామన్నాను. మీ అల్లుడు నా చేతిలోంచి పట్టీ లాక్కుని, "పాతికేళ్లుగా పిల్లలకి నీలంలో ఎన్ని రకాలుంటాయో చెబుతున్నాను. ఇది ముదురే" అన్నారు. అండం బయటపడ్డాక బతికేది ఒక్క రోజు లోపేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ శని, ఆదివారాలు మేం ఊరు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. మిగతాది నీకు రాయను.

సోమవారం, అంటే పదహారో తేదీ, ఐదున్నరకి 36.7. ఎడమ చెయ్యి దానంతటదే పెన్సిల్ కోసం వెళ్లింది, కొట్టేయడానికి. ఈసారి కొట్టలేదు. సున్నా చుట్టి పెట్టాను.

11.4 అంకె ఆఫీసులో నాలుగుసార్లు చూసుకున్నాను. తూకం రాళ్లాయన "ఏంటమ్మా, ఏదైనా తప్పొచ్చిందా?" అని అడిగాడు. "లేదండీ, ఒప్పొచ్చింది" అన్నాను.

నీ డాక్టరు సంగతి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు? ఆయన బతికుంటే చిరునామా ఇవ్వు. పాత చార్టు ఒకటి పంపుతాను.

కొలబద్ద

*

మార్చి 27, శుక్రవారం

బంగారు తల్లీ,

11.4! చదవగానే షెడ్డులో ఆడవాళ్లందరికీ చెప్పేశాను. మా ఇంటి పిల్లకి కడుపు పండింది, మూడుంటే చాలన్న చోట పదకొండుంది అని. గుడ్లు ఏరే పిల్లలు చేతులు కడుక్కుని మరీ వచ్చి నన్ను వాటేసుకున్నారు. కోడిపిల్లల పెట్టెలు తీసుకెళ్లే లారీ డ్రైవరు మూడుసార్లు హారన్ కొట్టాడు. మిషన్ బాగై వచ్చింది కాబట్టి మూడూ విన్నాను. కవలలేమో అని ఒకామె అడిగింది. పదకొండున్నర వచ్చిందంటే అయ్యుండొచ్చు అన్నాను.

అక్కకి ఇంకా చెప్పలేదు. నువ్వే చెప్పు. బరువులు ఎత్తకు. ఆ తూకం రాళ్ల జోలికి అసలు పోకు.

మా డాక్టరు పోయి ఇరవై ఏళ్లయింది. ఆయన్ని వదిలెయ్యి.

పిన్ని

*

మార్చి 31, మంగళవారం

పిన్నీ,

11.4 అంటే కడుపు కాదు. అండం విడుదలైందని, అంతే. నువ్వు షెడ్డంతా చెప్పేశావు, లారీ డ్రైవరు హారన్ కూడా కొట్టేశాడు. నేనిప్పుడు ఏం చేయను? మీ అల్లుడు మూడు రోజులుగా ఇంటికి రాగానే "పాం పాం" అంటున్నారు.

వెళ్లి అందరికీ తప్పని చెప్పమని రాద్దామని శనివారమే కాగితం తీశాను. శనివారానికి వేడి పెరిగి పదమూడో రోజు. పోయిన మూడు నెలల్లో ఎప్పుడూ పదమూడు దాటలేదు. ఆదివారం ఉదయం దిగుతుంది, దిగాక రాద్దాం అనుకున్నాను. ఆదివారం 36.7. నిన్న 36.8. ఈ రోజు 36.8. పదహారో రోజు.

థర్మామీటర్ మార్చలేదు. నిన్న మధ్యాహ్నం మాత్రం ఇన్‌చార్జి గారిని అడిగి తొట్టిలో పెట్టాను. ఈసారి జ్వరమా అని అడగలేదు. తనే తొట్టి మూత తీసి పట్టుకున్నారు. తేడా 0.01.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. అండం నిలిస్తే అదే కొత్త కబురు పంపుతుందట, కరిగిపోవద్దని ఆ పసుపు ముద్దకి. ముద్ద నిలబడుతుంది, వేడీ నిలబడుతుంది. పద్దెనిమిది రోజులు నిలిస్తే రక్తం తీద్దామంది. ఒక్కోసారి ఊరికే ఆలస్యమూ కావచ్చు, ఇంకా ఏమీ అనుకోవద్దంది. అనుకోవడం లేదు. రాసుకుంటున్నాను.

ఫారంలో "వెళ్లను" అని రాశాను. గురువారం ఏం తేలినా అదే. తేలకపోతే వచ్చే నెల ఉంది, ఆ పై నెల ఉంది. నా ఒళ్లు తన పని తను చేస్తోందని ఇప్పుడు నాకు తెలుసు, ఆ మాటకి రుజువు కూడా ఉంది. నేను వెళ్లాలనుకున్నది ఆ రుజువు లేకపోబట్టే.

షెడ్డులో ఎవరికీ తప్పని చెప్పకు. ఒప్పనీ చెప్పకు. గురువారం దాకా ఊరుకో.

గురువారం, ఏప్రిల్ రెండు. ఐదున్నరకి వేడి చూస్తాను. క్లినిక్ ల్యాబు ఏడింటికి తెరుస్తారు, మొదటి టోకెన్ నాది. ఫలితం పదకొండింటికి. పదకొండుంపావుకి ఆఫీసు నుంచి నీకు ఫోన్ చేస్తాను. మిషన్‌కి కొత్త బ్యాటరీ వేసుకుని, పొదిగే మిషన్లకి దూరంగా నిలబడు. ఈసారి ఎంత గట్టిగా అయినా అరిచి చెబుతాను. తూకం రాళ్లాయన లేచి బయటికి పోతే పోనీ. ఫారం ఐదింటికి ఇస్తాను.

నీ కొలబద్ద